మూడు వేల పురుగులకు సంతకం

ఐస్‌క్రీం డబ్బాలో తెచ్చాను.
అడుగున ఐసు, పైన తడిగుడ్డ,
మధ్యలో మూడు వేల పురుగులు,
ఒక్కొక్కటి నువ్వుగింజంత.

ఒటిలియా షెర్ కళ్లజోడు పైకి నెట్టి
మూత మీది చీటీ చదివింది. మళ్లీ చదివింది.
"పొద్దుతిరుగుడులో పురుగు, గోధుమలో పురుగు,
నలభై ఏళ్లు మందు కొట్టీ కొట్టీ
మా ఆల్విన్ చేతులకు ఆ వాసన పోనేలేదు.
ఇప్పుడు నువ్వొచ్చి
పురుగులకు సంతకం పెట్టమంటావా?"

కౌంటీ కలుపు ఆఫీసరుని నేను.
ఇలాంటి మాటలు జీతంలో భాగం.

గుట్ట మీదికి నడిచాం.
జూన్ ఎండ, ఊపిరాడనివ్వని డకోటా గాలి.
పచ్చిక అన్నది పేరుకే.
కంచె నుంచి వాగు దాకా
ఎవరో పసుపు ఆరబోసి మరిచిపోయినట్టుంది.
తుంచితే పాలు. ఆ పాలు తగిలితే
ఆవు మూతి బొబ్బలెక్కుతుంది. అందుకే ఆవులు
దీన్ని తప్పించుకుని, వెతికి వెతికి గడ్డినే కొరికి,
దీనికి ఇంకాస్త చోటు చేసిపెడతాయి.
పీకితే వేరు తెగుతుంది. తెగిన ముక్క
తనూ ఓ మొక్కనంటుంది.
జులై మధ్యాహ్నాల్లో కాయలు చిటపట పేలి
గింజ కంచె దాటుతుంది.
ఎటు నుంచి ఎటు దాటిందన్న దాని మీదే
పక్క పొలం హాల్వర్‌తో
పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

డబ్బా వంచాను.
కాసేపు ఏమీ తోచనట్టు కూర్చున్నాయి పురుగులు,
తర్వాత టప్పున గెంతి ఆకుల మీద పడ్డాయి.
"ఇంతేనా?" అంది.
ఇంతే. ఇక వీటి పిల్లలు
మనకు కనబడని చోట, వేళ్ల దగ్గర, పని చూసుకుంటాయి.
ఒక మేకు పాతి నారింజ రంగు రిబ్బను కట్టాను.

మొదటేడు ఏమీ లేదు.
రెండో ఏడు ఫోన్ చేసి తిట్టింది.
మూడో ఏడు మేకు చుట్టూ
భోజనాల బల్లంత మేర ఎండుపుల్లలు,
వాటి మొదట్లో పిల్లి మీసాల్లా గడ్డి.

ఆరో ఏడు మళ్లీ ఫోను. గొంతులో కంగారు.
"మేకు దగ్గర ఒక్కటీ కనబడట్లేదు.
జబ్బేమైనా చేసిందా వాటికి?"
తిండి అయిపోయింది, అన్నాను.
అవతల చాలాసేపు గాలి చప్పుడే.
"నీ దగ్గర వల ఉందా?" అంది.

వాగు వారన మిగిలిన కాస్త పసుపులో
నేను వల విసురుతుంటే తను డబ్బా పట్టింది.
ఒకటి మణికట్టు మీదికి గెంతింది. దులపలేదు.

సాయంత్రం వెళ్తూ చూశాను:
హాల్వర్ వైపు కంచె గుంజ మీద
మూత బిగించిన ఐస్‌క్రీం డబ్బా,
గాలికి పోకుండా పైన ఓ రాయి.
చీటీ మీద ఆమె చేతిరాత,
"ఎండలో ఉంచకు."