రుబ్బురోలుకు సెలవు

రజో పండగ ముందురోజు సాయంత్రం
అమ్మ రుబ్బురోలు కడిగి, పొత్రాన్ని గోడకి చేరవేసి
పైన పాత తువ్వాలు కప్పేది,
నిద్రలో ఉన్న పిల్లకి కప్పినట్టు.
ఇక మూడు రోజులు దాన్ని ఎవరూ ముట్టకూడదు.

మా పుట్టింటివాళ్ళ పద్ధతి కాదిది.
టెక్కలి నుంచి పర్లాకిమిడి కాపరానికొచ్చిన కొత్తలో
పక్కవాటా సెబతి మావుసీ చెప్పిందట:
"భూమే పని మానేసింది, నువ్వెంతదానివే కాంతామణీ?"
అమ్మకి అప్పటికి ఒడియా సగమే వచ్చు.
పని మానేయమన్న సగం మాత్రం బాగా అర్థమైంది.

పిండి ముందే రుబ్బి పెట్టేది.
మిగతాదంతా నాన్న.

మా నాన్న దండాసి, కొమ్ముపనివాడు.
ఏడాది పొడుగునా ఆకురాయి పట్టి
గేదె కొమ్ములోంచి కొంగల్ని బయటికి లాగేవాడు.
ఆ మూడు రోజులూ ఆకురాయికీ సెలవు,
చేతులకి తోచేది కాదు.
కొబ్బరి ముక్కల్ని దువ్వెన పళ్ళలా
ఒకే కొలతన కోసేవాడు.
ఒక్క ముక్క లావుగా వస్తే
వెలుతురుకి పట్టి చూసి, మా నోట్లో పడేసేవాడు.
మా తమ్ముడు బైరాగి
లావు ముక్కల కోసమే ఆయన మోచెయ్యి కదిపేవాడు.
"అది పిఠా బాబూ, ఎగుమతి సరుకు కాదు"
గడప అవతల నుంచి అమ్మ.

అమ్మ ఊరికే కూర్చుందనుకోకండి.
కాళ్ళకి అలతా ఆరేదాకా ఓపిక పట్టి
బొంత ముందేసుకునేది.
నాన్న లుంగీ, నా బడి గౌను,
ఎవరిదో తెలియని ఊదారంగు జాకెట్టు చెయ్యి.
"సూదికీ భూమికీ ఏటి సమ్మంధం?"
మావుసీ చాలాసేపు ఆలోచించింది.
ఇంట్లోకి వెళ్ళి తన సంబల్‌పురీ చీర చెంగు చింపుకొచ్చి
తనూ ఒక సూది అడిగింది.
శాస్త్రం అలా తేలిపోయింది.

ఒక ఏడు, పెరట్లో
అరిటాకుల మధ్య పిండి పోసి, మూకుడు మూసి
పైనా కిందా నిప్పులు పేర్చాక
మహేంద్రతనయ అవతల నుంచి వాన వచ్చింది.
ఆ జూన్‌కి మొదటి వాన.
మేం నిద్రలేచి చూస్తే
నాన్న పొయ్యికి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.
వీపంతా తడిసి, నిప్పులు మాత్రం పొడిగా.
కాసేపటికి అమ్మ వెళ్ళి పక్కన పీట వేసుకుంది.
ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు.
బెల్లం, అల్లం కాలుతున్న వాసన, మట్టి వాసన
రెండూ కలిసి గదిలోకి వచ్చాయి.
బైరాగి మళ్ళీ నిద్రపోయాడు, నోరు తెరుచుకునే.

తెల్లారి చూస్తే ఒక పక్క బొగ్గు,
ఇంకో పక్క కాస్త పచ్చి.
గాలి గొడుగు మాట వినలేదన్నాడు నాన్న.
"మాడిపోయింది," అంది అమ్మ
రెండో ముక్క అందుకుంటూ.
మాడు పక్క కోసం నేనూ తమ్ముడూ కొట్టుకున్నాం,
అతని గోటిగాటు ఇప్పటికీ నా మణికట్టు మీద ఉంది.

నాలుగోనాడు తువ్వాలు తీసి
రోటికి పసుపునీళ్ళతో తలంటేది అమ్మ.
"ఇంక లే తల్లీ, చాల్లే," అనేది.
ఆ మాట రోటికో, తనకో.

ఇప్పుడు మాది రాయగడ, రెండో అంతస్తు.
ఆ బొంత నా దగ్గరే ఉంది,
ఊదారంగు చెయ్యి ఎవరిదో ఇంకా తేలలేదు.
రజో వస్తే మిక్సీకి తువ్వాలు కప్పుతాను.
మా ఆయన మొదటేడు నవ్వాడు,
రెండో ఏడు కొబ్బరి కోశాడు, వంకరటింకరగా.
గ్యాస్ పొయ్యికి గొడుగు అక్కర్లేదు.
అదొక్కటే లోటు.