గోతం అక్షరాలు

న్సాంజే దగ్గర బడిలో జావ కాచేదాన్ని.
పేరు ఎనిఫా.
తెల్లారకముందే పొయ్యి రాజేస్తే
షిరే నది మీది మంచూ నా పొగా
ఎవరి దారిన అవి వెళ్తున్నట్టే వెళ్లి కలిసిపోయేవి.

మూడొందల పన్నెండు గిన్నెలు.
అంకెలు వచ్చు నాకు, గరిటె నేర్పింది.
అక్షరాలే రావు.

గోతాల మీద నీలం రాత ఉండేది.
నాలుగో తరగతి మలీటా
గిన్నె నాకుతూనే ఒకరోజు చదివేసింది:
"అమ్మకానికి కాదు."
ఏదీ, మళ్లీ చెప్పు, అన్నాను.
అప్పట్నుంచి రోజుకో అక్షరం,
బూడిదలో, పుల్లతో.
జావ అడుగంటిన రోజులూ ఉన్నాయి, ఎవరికీ చెప్పకండి.

తర్వాత ఎక్కడో చలిదేశంలో
బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు
మా వరస మీద గీత కొట్టేశారట.
హెడ్మాస్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి
మడిచి జేబులో పెట్టుకున్నాడు.
సోమవారం నూట నలభై మంది.
గురువారం నేను లెక్కపెట్టలేదు.
మలీటా చేపలు ఎండబెట్టే చోట కనబడింది,
చెయ్యి ఊపలేదు.

జీపులో వచ్చినబ్బాయి మర్యాదస్తుడే.
సామాన్లు తిరిగి రాసుకున్నాడు:
డేగిసాలు రెండు, గరిటె ఒకటి.
వేలిముద్రకి సిరా డబ్బీ తెరిచాడు.
కలం ఇవ్వు బాబూ, అన్నాను.

ఎ ని ఫా.
ఒక్కో అక్షరాన్నీ నడుమ తెంపి రాశాను,
గోతం మీద ఉన్నట్టే.

అలా తెంపక్కర్లేదమ్మా,
రేకు పెట్టి రంగు కొడితే వచ్చే ఖాళీలవి, అన్నాడతను.

నాకేం తెలుసు.
అక్షరమంటేనే
మధ్యలో తెగి ఉంటుందనుకున్నాను.