కొలత నీళ్ళు

పెరంబూరు మేడలకు లిఫ్టుల్లేవు.
పాతిక లీటర్ల క్యాను భుజానికెత్తుకుని
రోజుకు నలభై సార్లు ఎక్కి దిగిన మావకి
ఇప్పుడు రోజంతటికీ ముప్పావు లీటరు.
కొలిచి పోసేది నేనే.

నడుం నొప్పికి మందుల షాపు కదిరవన్
చీటీ లేకుండా ఇచ్చిన ఎర్రమాత్ర,
కత్తెర ఎండల్లో అది మింగడానికి రెండు గుక్కలు.
అమ్మే నీళ్ళు మనమెట్టా తాగుతామే, అనేవాడు.
ఏడేళ్ళు.

ముందు చెప్పులు పట్టలేదు,
ఒక సైజు పెద్దవి కొన్నాం.
అన్నం ఇనుము వాసనన్నాడు,
బియ్యం కొట్టు మార్చాను.
నురగ సంగతి నాకు చెప్పనేలేదు.

మంగళవారం, శుక్రవారం
నాలుగ్గంటలు ఆ మిషనే
మావ బదులు ఒంటికి పోస్తది.
"ఒక్కో దఫాకి నూట ఇరవై లీటర్లు తాగుతుంది ఇది"
అంది నర్సు స్టెల్లామేరి, ట్యూబు సరిచేస్తా.
మావ కళ్ళు మూసుకునే లెక్కేశాడు:
"ఐదు క్యాన్లకి ఐదు లీటర్లు తక్కువ.
ఎన్నో అంతస్తమ్మా?"

ఆమె నవ్వింది. నేను గోడవైపు తిరిగి
సంచిలో గ్లాసు వెతికాను.
ఇవాళ్టి లెక్కలో
ఇంకా రెండు గుక్కలున్నాయి.