స్టీరింగ్ పక్కన డబ్బా

మా ఆయన దొరస్వామి
చిత్తూరు మండీ నుంచి బెల్లం తోలతాడు.
పది టన్నుల తీపి వీపు వెనకాల పెట్టుకోని
రాత్రంతా సేలం దాకా పోయే మనిషికి
షుగరు మూడొందల పది.

కాగితం చూసి డాక్టరమ్మ నవ్వలేదు.
నాకే నవ్వొచ్చింది, ఆపుకున్నా.
"టైముకు తినాల" అనింది.
ఆయనకు టైమంటే టోల్‌గేటు.
తినడమంటే, గేరు మార్చినంక
ఖాళీగా ఉండే చేతికి ఏది తగిలితే అది.

అందుకే గ్రనోలా.
ఆ పేరు మా హేమలత నర్సింగు హాస్టలు నుంచి మోసుకొచ్చింది.
రెండు దినాలు నోట్లో గోలీ మాదిరి తిప్పుకున్నా:
గ్రనోలా, గ్రనోలా.
మా మిట్టూరులో ఎవురికన్నా ఈ పేరు పెట్టుంటే
బడిలో ఏడిపించి చంపుందురు.

ఓట్సు అరకిలో, కొర్ర అటుకులు రెండు గ్లాసులు,
శెనక్కాయ పప్పులు పొట్టు తీయకుండా,
నువ్వులు, గుమ్మడి గింజలు.
ఇంతవరకూ అందరూ చేసేదే.
ఆ పైన నా చెయ్యి ఊరుకోలేదు.

మిద్దె మీద జాడీలో కాకర వరుగులుండాయి.
ఎండాకాలం చక్రాలుగా తరిగి
రాత్రి ఉప్పు మజ్జిగలో నానేసి
పగలు ఎండేసి, మళ్ళా నానేసి,
కుండెడు మజ్జిగ తాగించి ఎండబెట్టినవి.
ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసినా.
చుట్టూ పళ్ళు, నడుమ బొక్క,
అచ్చం ఆయన లారీ టైరు.

ముద్ద కట్టాలంటే బెల్లం పాకం కావాల.
అవిసె గింజలు నానబెట్టి ఆ జిగటతో సర్దుకున్నా.
అయినా గోరంత,
బొటనవేలి గోరంత బెల్లం వేసినా.
కొన్నది కాదులే, ఆయన పట్టాల మడతల్లో రాలింది.

మా ఇంట్లో ఓవెన్ లేదు.
రాత్రి పదకొండుకు జిలానీ భాయ్ బేకరీలో
ఆఖరి బన్నుల ట్రే బయటికొచ్చినంక
ఆరిపోతా ఉండే వేడిలోకి నా ట్రే తోసినా.
"ఏందక్కా, కాకరకాయనా?" అని
ఆ మనిషి రెండడుగులు వెనక్కి పోయినాడు.
ముందు శెనక్కాయ వాసనొచ్చింది,
తర్వాత నువ్వులు.
కడపట, వాకిట్లో నిలబడి
రానా వద్దా అని అడిగే చుట్టం మాదిరి
చేదు.

డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది.
మళ్ళా నింపినా. మళ్ళా ఖాళీ.
అడుగున ఒక్క నువ్వుగింజ లేదు.
వీధి కుళాయి కాడ నేను రొంత ఎత్తుగా నిలబడినా,
ఎవురడిగినా అడక్కపోయినా
కాకర సంగతి చెప్పినా.

మూడో వారం క్లీనరు పిల్లోడు వేలు
గడప బయట తల గోక్కుంటా నిలబడినాడు.
"అక్కా, నాకొక డబ్బా వేరేగా చేసిస్తావా?"
ఎందుకురా?
"అన్న చక్రాలన్నీ ఏరి నాకే ఇస్తాడు గదా.
మొదట కిటికీలోంచి పారేస్తా ఉంటి.
వాణియంబాడి దాటినంక నిద్దర తోసుకోనొస్తాది,
అప్పుడొకటి దవడన పెట్టుకుంటే
కృష్ణగిరి దాకా కన్ను మూతబడదు.
ఇప్పుడవే కావాల నాకు.
మిగతాదంతా అన్నకే పెట్టు."

తిరిగి చూసినా.
ఆయన టైర్లకు గాలి చూస్తా ఉండాడు,
పొద్దున్నే చూసిన టైర్లకే.
సుత్తితో ఒక్కోదాన్నీ కొట్టి
చెవి పెట్టి వింటా ఉండాడు.

నేనేమీ అనలేదు.

ఈ రాత్రి రెండు ట్రేలు తోసినా.
వేలుది నిండా చక్రాలు.
ఆయనదాంట్లో ఒక్కటీ లేదు.
అన్నీ రోట్లో మెత్తగా నూరి, జల్లెడ పట్టి,
అటుకు అటుక్కీ పట్టించినా.
ఇప్పుడు ఏరుకోమను.

బెల్లం మటుకు ఈసారి రెండు గోర్లంత.
డాక్టరమ్మకు చెప్పబల్లే.