గుర్తు చెప్పండి

నల్ల గొడుగు, అన్నాడు కిటికీ అవతల నుంచి.
మెల్బోర్న్, గ్లెన్‌హంట్లీ ట్రామ్ డిపో.
నా వెనక అరల్లో ఆ వారానికి నలభై ఒక్క నల్ల గొడుగులు.
గుర్తు చెప్పండి, అన్నాను.
పిడి మీద నాలుగు పంటిగాట్లు. మా మనవరాలివి. పాలపళ్ళు.
గొడుగు చంకన పెట్టుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు:
"మా ధర్మశాస్త్రం చదవకుండానే
దాని ప్రకారం తీర్పు చెబుతున్నావు, గుమాస్తా.
గురువారం రా. తిడతాను. టీ ఇస్తాను."

అలా మొదలైంది.
ఫైవెల్ జుస్మన్, గడియారాలు బాగుచేసి చేసి మానేసినవాడు.
నేను, పోయినవాటికి చీటీలు కట్టేదాన్ని.
చెప్పుల దుకాణం మీది గది, జూలై చలి,
ఒక కాలు కుంటిదైన హీటరు.
బల్ల మీద పెద్ద పుట:
నడిమింట్లో నాలుగు వాక్యాల మూలం,
చుట్టూ వసారాల్లో వ్యాఖ్యాతలు,
వెయ్యేళ్ళనాటివాడి మాట పూర్తికాకుండానే
నిన్నమొన్నటివాడు అడ్డు తగులుతూ.
అచ్చులు రాయని అక్షరాలు. కుడి నుంచి ఎడమకి
అతని గోరు వెంట నా కళ్ళు
నాచు రాళ్ళ మీద కాళ్ళలా.

విషయం: దొరికిన వస్తువు.
గుర్తున్నదైతే చాటించాలి.
గుర్తులేనిది దొరికినవాడిదే,
ఎందుకంటే పోగొట్టుకున్నవాడు ఈపాటికి...
అక్కడొక మాట. దానికి ఇంగ్లీషులో
ఫైవెల్ మూడు మాటలిచ్చి మూడూ వెనక్కి తీసుకున్నాడు.
నాకు తెలుగులో తట్టింది: నీళ్ళొదులుకోవడం.
అంటే? అన్నాడు.
అరచెయ్యి వంచి
వేళ్ళ మీంచి లేని నీళ్ళు జారవిడిచాను.
చాలాసేపు నా చేతినే చూశాడు.
"అది. సరిగ్గా అది."

తర్వాత తగువు.
గుర్తులేని వస్తువు, పోయిందని ఇంకా తెలియనివాడు.
తెలిస్తే నీళ్ళొదులుకుంటాడు, నిజమే,
కానీ ఇంకా జేబు తడుముకోలేదు.
ఇప్పుడే వదులుకున్నట్టా, కాదా?
ఒకాయన అవునన్నాడు. ఒకాయన కాదన్నాడు.
మూడు గురువారాలు నేను అవును, అతను కాదు.
నాలుగో గురువారం "పక్షాలు మారదాం" అన్నాడు,
తీరా నేను గెలవబోతుంటే.

ఒక రాత్రి రేకుల మీద వాన.
అడక్కూడనిది అడిగాను:
మీరు ఎదురుచూసే విమోచన అంటే ఇదేనా?
ఎవరో ఒకరోజు కిటికీ దగ్గరికొచ్చి
మన పంటిగాట్లు లెక్క తప్పకుండా చెప్పడం?

కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.
"అందంగా ఉంది. అందుకే అనుమానం.
ఏ పంక్తిలో ఉంది? చూపించు."
చూపించలేకపోయాను.
గ్లాసు అడుగున పంచదార తిప్పుతూ, నాతో కాదు, పుటతో అన్నాడు:
"హెనియా పోయాక రెండేళ్ళు ప్రార్థనకి నిలబడలేదు.
ఎక్కడ జారిందో తెలీదు. వెతకనూ లేదు.
కానీ నీళ్ళొదిలేశావా అని ఎవరైనా అడిగితే,
సాక్షుల ముందు, ప్రమాణం చేయించి అడిగితే..."
ఆగిపోయాడు.
"చదువు. మళ్ళీ మొదటి నుంచి."

మా కంపెనీ నియమం అరవై రోజులు.
ఆపైన బట్టలు ధర్మానికి, గొడుగులు చెత్తకి.
మార్చి నుంచి ఒక పసుపు ఊలు చేతితొడుగు,
ఎడమది, నా బొటనవేలు కూడా పట్టనంత చిన్నది,
నా సొరుగులో ఉంది.
నియమం నాకు తెలుసు.

నిన్న అతను ముందే లేచాడు, అరవై ఏడో నంబరు ట్రామ్ కోసం.
మెట్ల చప్పుడు, తలుపు చప్పుడు.
కుర్చీ వెనక నల్ల గొడుగు.
వాన వెలిసింది. కాబట్టి అతనికింకా తెలీదు.

నాలుగు గాట్లూ వేలితో తడిమాను.
ఒక నిమిషం అవునన్నాయన పక్కన,
ఒక నిమిషం కాదన్నాయన పక్కన నిలబడి,
గుర్తున్నదాని విషయంలో
ఇద్దరికీ అసలు తగువే లేదని గుర్తొచ్చి
హీటరు కట్టకుండానే మెట్లు దిగాను.