మిల్లు కూత

మందిరంలో నేను దోర్కాని.
బడి రిజిస్టర్లో పైడిరత్నాన్ని.
రెండు పేర్లూ ఒక్క పిల్లవేనని
దేవుడికి ఎవరైనా చెప్పారో లేదోనని
నెల్లిమర్లలో చాలా రాత్రులు
నిద్ర పట్టేది కాదు నాకు.

అప్పటి దేవుడు మిల్లు గేటు దగ్గర
టైమ్ కీపర్ లాంటివాడు.
అర నిమిషం ఆలస్యానికీ ఎర్రగీత.
అబద్ధం చిన్నదైనా
అగ్నిగుండం చిన్నది కాదనేది కరుణమ్మ టీచరు.
నా అబద్ధాలకి
చింతపిక్కలు డబ్బాలో వేసుకునేదాన్ని.
పదకొండు.
పన్నెండోది నాది కాదు.

ఆరో తరగతిలో కులం కాగితం కోసం
విచారణకొచ్చారు ఆఫీసువాళ్లు.
పొద్దున్నే నాన్న గోడమీది వాక్యం కేలెండరు తీసి
బైబిలుతో పాటు బియ్యం డబ్బాలో దించాడు.
మేకు మిగిలిపోయింది.
నేను ఆ మేకుకి అడ్డంగా నిలబడ్డాను.

'మతం మారారేటి?'
'నేదు బాబూ.'
'ఆదివారం ప్రార్థనకెల్తారటగా?'
'ఎల్లం బాబూ.'
'ఈ గుంటని ఏటని పిలుస్తారు?'
నాన్న నావైపు చూడలేదు.
'పైడిరత్నమండి. ఇంకో పేరేటీ నేదు.'

అప్పుడే కూసింది మిల్లు, బి షిఫ్టుకి.

మా వీధిలో కోళ్లు లేవా, ఉన్నాయి.
కానీ పేతురు కథ ఎవరు చదివినా
నాకు వినిపించేది ఆ కూతే.

ఆ నెల సంస్కారపు ఆదివారం
రొట్టె పళ్లెం నాన్న దాకా వచ్చి
ఆగకుండా పక్కకి వెళ్లిపోయింది.
నరకానికి పోయే మనిషి పక్కన
చాప మీద కూర్చున్నాను.
కొంచెం దూరం జరిగాను కూడా.
ఆ జానెడు జరగడానికి
ఎన్ని పిక్కలు వేయాలో ఇప్పటికీ తెలీదు.

ఆ కాగితం మీదే
హాస్టలు, స్కాలర్‌షిప్పు, నర్సింగు సీటు.
విజయనగరం పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీలు.
టైమ్ కీపర్ ఎప్పుడు రిటైరయ్యాడో గమనించలేదు.
నమ్ముతున్నావా అంటే తడుముకుంటాను.
పోయేముందు చాలామంది
నీళ్లు అడిగారు.
ఇచ్చాను.

మిల్లుకి తాళం పడి, కూత ఆగిపోయాక కూడా
నాన్న పళ్లెం దాటిస్తూనే ఉన్నాడు.
ఇరవయ్యేళ్లు.
ఎందుకని ఒకసారే అడిగాను.
'నీకింకో పేరు నేదన్నాను కదే' అన్నాడు.

ఇన్నాళ్లూ ఆయన కాదన్నది
యేసుని అనుకున్నాను.

పేతురు కథకి ఇంకో కొస ఉంది,
అక్కడికొచ్చేసరికి
కరుణమ్మ టీచరు గంట కొట్టేసేది:
తెల్లారి ఒడ్డున బొగ్గుల నిప్పు,
కాలుతున్న చేపలు,
ఎందుకలా అన్నావని అడగని మనిషి.

సంస్కారపు ఆదివారాల్లో ఇప్పుడు
నేనూ పళ్లెం దాటించి
ఆయనతో పాటే లేస్తాను.
చంపావతి వంతెన దగ్గర
నాలుగు మట్టగిడసలు బేరమాడతాం.
పెరట్లో కుంపటి రాజేస్తాడు.
పొగకి ఇద్దరికీ కళ్లు మండుతాయి,
అదీ ఒకందుకు మంచిదే.
మాడినవైపు తనకుంచుకుని
మంచిముక్క నా కంచంలో వేసి
'ముళ్లు సూసుకొని తిను, దోర్కా'
అంటాడు.