బొటనవేలు చెప్పేదాకా

మే నెల. మద్రాసు ఎండకి
సిలికాన్ సగం దారిలోనే గట్టిపడుతుందని
ఎత్తిరాజులు ఐదింటికే వస్తాడు,
పాల వ్యాను కంటే ముందు.

ట్రేలో ఒక మూత్రపిండం,
దాన్ని అంటిపెట్టుకుని బృహద్ధమని ముక్క.
దారంతో కట్టిన రేకు బిళ్ల మీద ముప్పై ఒకటి.
తన ఒళ్లు తనే రాసిచ్చిన మనిషి,
అంతవరకే మాకు తెలుసు.

ముందు నీళ్లు పంపుతాడు.
ఎర్రగా, తర్వాత గులాబీగా, తర్వాత ఉత్త నీళ్లు.
తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తాడు.
వ్యాసర్‌పాడిలో పదకొండేళ్లు పంక్చర్ షాపు నడిపిన చేతులు
లీకు దొరికేదాకా ఊరుకోవు.

నేను పుస్తకం తెరిచి ఒత్తిడి ఎంతో చదవబోతాను.
"అంకెలు మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్.
ఎక్కడ ఆపాలో బొటనవేలు చెబుతుంది."

ధమనికి ఎరుపు, సిరకి నీలం.
సిరంజి కదలనట్టే కదులుతుంది.
కిందటేడు నేను తొందరపడి నొక్కితే
పై పొర కింద ఎర్రటి బొబ్బ లేచింది.
తిట్టలేదు.
దారం కోసం చెయ్యి చాచాడు, అంతే.

రెండు రోజులయ్యాక ఆసిడ్ తొట్టి.
మాంసం మెత్తబడి, మడ్డిలా విడివడి,
కుళాయి కింద జాడిస్తే కాలవలోకి జారిపోతుంది.
ఆ కాసేపూ ఇద్దరం మాట్లాడుకోం.

మిగిలింది అరచేతిలో పెట్టుకున్నాను.
ఎరుపూ నీలమూ వెంట్రుకంత సన్నాలుగా చీలి,
నొక్కితే వంగి, వదిలితే లేస్తూ.

అప్పుడు కనబడింది.
అసలు ధమనితో పని లేకుండా
బృహద్ధమని నుంచి నేరుగా వచ్చి
కింది కొనలో దూరిన ఇంకో ఎర్రటి పాయ.

"మా వీధిలో కరెంటు స్తంభానికి
కొక్కెం వేసి లాగిన వైరు లాగుంది" అని
ఎత్తిరాజులు నవ్వాడు.

ఆ మనిషికి తెలిసి ఉండదు.
మణికట్టు పట్టుకుని నాడి చూసినవాళ్లకీ,
ఏళ్ల తరబడి పక్కన పడుకున్నవాళ్లకీ తెలిసి ఉండదు.
ఒక్క రోజూ బిల్లు రాలేదు,
దీపం ఆరలేదు.

తొమ్మిదింటికి మొదటి ఏడాది పిల్లలొచ్చారు.
వెనక వరుసలోంచి ఇళవరసి చెయ్యెత్తింది.
"ఇది పుస్తకంలో లేదు మేడమ్.
పరీక్షలో ఒకటని రాయాలా, రెండనా?"

నేను జవాబు వెతుక్కుంటుంటే
తలుపు దగ్గర ఎత్తిరాజులు
బొటనవేలి గోట్లో ఇరుక్కున్న ఎరుపుని
అగ్గిపుల్లతో గీరుకుంటున్నాడు.